తిరగరాయకుండా మలచుకోవడం ఎలా? – ప్రసంగ పాఠం

ఇంజనీరు మిత్రులందరికీ నమస్కారం. మనం రాసే అప్లికేషన్లను, వాటి మూల కోడ్ జోలికి పోకుండా, ఎవరికి కావలసినట్టు వారు మలచుకోవడానికి మన చేతిలో ఉన్న సాంకేతికతల గురించి ఈరోజు మాట్లాడదలచుకున్నాను. ఇవి చాలా ఉన్నాయి, ఒక్కొక్కదాని మీద ఒక రోజంతా మాట్లాడవచ్చు, కాబట్టి అన్నిటినీ వరసపెట్టి చెప్పను. ఏ అవసరానికి ఏది చాలు, ఏది ఎక్కువవుతుంది అన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని వెళతాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎంత తక్కువ శక్తి గల సాధనంతో పని జరుగుతుందో అక్కడితో ఆగాలి. ఎందుకంటే మలచుకునేవారికి మనం ఇచ్చిన ప్రతి స్వేచ్ఛా, ఆ తర్వాత ఏళ్ల తరబడి మనం నిలబెట్టుకోవలసిన మాట అవుతుంది.

ముందు ఈ అవసరం ఎక్కడ పుడుతుందో చూద్దాం. పత్రాలను ఆమోదించే అప్లికేషన్ ఒకటి ఉందనుకోండి. ఒక సంస్థలో ప్రతి పత్రాన్నీ ఒక అధికారి చూస్తే చాలు. రెండో సంస్థలో ఇద్దరు చూడాలి. మూడో సంస్థలో పత్రంలోని మొత్తం ఒక హద్దు దాటితేనే రెండో అధికారి దగ్గరికి వెళ్లాలి, అది కూడా ఆడిట్ విభాగం పత్రం కాకపోతేనే. అప్పుడు మనం ఏం చేస్తాం? గడువు దగ్గరపడింది కాబట్టి, సంస్థ పేరు ఫలానా అయితే ఇలా చెయ్యి అని కోడ్‌లో ఒక షరతు పెడతాం. లేదా ఆ సంస్థ కోసం కోడ్‌కు వేరే శాఖ, అంటే విడిగా పెరిగే ప్రతి, తీస్తాం. మీలో కొందరు తల ఊపుతున్నారు, అంటే ఇది మీకు తెలిసిన దారే. శాఖ తీసిన రోజున పని తేలిగ్గానే అవుతుంది. కొన్ని నెలల తర్వాత ఒక భద్రతా లోపం బయటపడి, ఆ సవరణను శాఖ శాఖకూ తీసుకెళ్లి, ఒక్కొక్క చోటా వేరుగా పరీక్షించవలసి వచ్చినప్పుడు దాని అసలు ఖర్చు తెలుస్తుంది. అందుకే మార్పుకు చోటు కోడ్ బయట ఉండాలి. బయట అంటే ఎక్కడ? ఎంత దూరంలో?

అన్నిటికంటే దగ్గరి చోటు కాన్ఫిగరేషన్. ఒక ఫైల్, కొన్ని పేర్లు, వాటి పక్కన విలువలు. జేసన్, యామల్, టామల్ వంటి రూపాలు, సర్వర్ల మీదైతే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రామ్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ అందించే విలువలు. ఆమోదానికి అధికారులు ఒకరా ఇద్దరా అన్నది ఒక సంఖ్య మాత్రమే, దానికి ఇంతకంటే ఏమీ అక్కరలేదు. ఇది మరీ చిన్న విషయం, దీని గురించి చెప్పడానికేముంది అనుకుంటారేమో. చాలా ఉంది. యామల్ ఫైల్‌లో దేశాల సంకేతాల జాబితా రాశారనుకోండి. నార్వే సంకేతం ఎన్, ఓ అనే రెండు అక్షరాలు. యామల్ 1.1 నియమాల ప్రకారం, కొటేషన్ గుర్తులు లేకుండా రాసిన ఆ రెండు అక్షరాలకు ‘కాదు’ అని అర్థం. జాబితాలో నార్వే మాయమై, దాని స్థానంలో ‘అసత్యం’ అనే బూలియన్ విలువ కూర్చుంటుంది. 3.10 అని వెర్షన్ సంఖ్య రాస్తే అది దశాంశ సంఖ్యగా మారి 3.1 అవుతుంది. 2009లో వచ్చిన యామల్ 1.2 ఈ ‘అవును, కాదు’ల గందరగోళాన్ని తొలగించింది, అయినా పాత నియమాలనే పాటించే లైబ్రరీలు ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నాయి.

నేను అడిగేది ఇది. ఫైల్ చదివాక, ఆ విలువ మీరు అనుకున్న రకమేనా, మీరు అనుకున్న పరిధిలోనే ఉందా అని అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే చూస్తున్నారా? జేసన్ స్కీమా వంటి వర్ణన ఒకటి రాసి పెట్టుకుంటే, తప్పు విలువ ఉన్న అప్లికేషన్ అసలు పైకే లేవదు. ఏ పేరు దగ్గర తప్పు జరిగిందో చెప్పి ఆగిపోతుంది. అర్ధరాత్రి ఏదో ఒక మూల పనిలో బయటపడే తప్పు కంటే, మొదలయ్యేటప్పుడే కనిపించే తప్పు ఎంతో మేలు.

కాన్ఫిగరేషన్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఫీచర్ ఫ్లాగ్. కోడ్‌లో కొత్త దారి, పాత దారి రెండూ ఉంటాయి, ఏ దారిన నడవాలో ఫ్లాగ్ చెబుతుంది. మళ్లీ డిప్లాయ్ చేయకుండానే, అంటే సర్వర్లకు కొత్త కోడ్ పంపకుండానే, ప్రవర్తన మారుతుంది, కొద్దిమందికి ముందుగా చూపించి తర్వాత అందరికీ తెరవవచ్చు. మంచి సాధనం, నేను వాడమనే చెబుతాను. అయితే అమెరికాలో షేర్ల లావాదేవీలు నడిపిన నైట్ క్యాపిటల్ సంస్థకు 2012 ఆగస్టు 1న జరిగినదాన్ని ప్రతి ఇంజనీరూ తెలుసుకోవాలి. వాళ్లు కొత్త సదుపాయం కోసం ఒక పాత ఫ్లాగ్‌నే తిరిగి వాడుకున్నారు. ఆ ఫ్లాగ్ ఒకప్పుడు, 2003లోనే వాడకం మానేసిన కోడ్‌ను నడిపించేది, ఆ కోడ్‌ను మాత్రం తీసేయలేదు. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికి పంపారు, ఎనిమిదోది మిగిలిపోయింది. ఉదయం మార్కెట్ తెరిచాక ఆ ఎనిమిదో సర్వర్‌లో అదే ఫ్లాగ్ పాత కోడ్‌ను లేపింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఫ్లాగ్‌ను ఒక విలువగానే చూస్తాం, కానీ నిజానికి అది కోడ్‌లోని ఒక కొమ్మ. దానికి పుట్టిన తేదీ ఉండాలి, తీసేసే తేదీ ఉండాలి, బాధ్యత వహించే మనిషి ఉండాలి. ఒక ఫ్లాగ్ పేరును మరో పనికి ఎన్నడూ తిరిగి వాడకూడదు.

ఇప్పుడు మన మూడో సంస్థ దగ్గరికి వద్దాం. మొత్తం హద్దు దాటితే, విభాగం ఆడిట్ కాకపోతే అన్న నియమం సంఖ్యలో ఇమడదు. ఇక్కడే చాలా జట్లు దారి తప్పుతాయి. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ‘షరతు’ అని ఒక పేరు చేరుస్తారు. తర్వాత ‘లేకపోతే’ అని ఇంకొకటి. తర్వాత ‘ప్రతి అధికారికీ’ అని ఒక లూప్. కొంతకాలానికి ఆ ఫైల్ ఒక ప్రోగ్రామింగ్ భాష అయి కూర్చుంటుంది. కానీ దానికి తప్పులు వెతికిపెట్టే డీబగ్గర్ ఉండదు, టెస్టులు రాసే పద్ధతి ఉండదు, తప్పు ఏ వరుసలో ఉందో చెప్పే సందేశం ఉండదు. భాష కావాలనుకుంటే భాషనే తెచ్చుకోవాలి, డేటా ఫైల్‌ను భాషగా సాగదీయకూడదు.

అయితే ఎంత భాష? చాలామంది ఇక్కడ ఒక్కసారిగా పూర్తి స్క్రిప్టింగ్‌కు, అంటే వాడేవారు అప్లికేషన్ లోపల సొంత ప్రోగ్రాములు రాసుకునే పద్ధతికి, వెళతారు. మధ్యలో ఒక మెట్టు ఉంది. గూగుల్ తయారుచేసిన కామన్ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్, అంటే సెల్, ఆ మెట్టు కోసమే పుట్టింది. అందులో ‘పత్రం.మొత్తం > హద్దు && పత్రం.విభాగం != "ఆడిట్"’ వంటి సమాసం రాయవచ్చు. అది అవును అనో కాదు అనో జవాబిస్తుంది. అందులో అంతులేని లూప్ రాయలేరు, దేన్నీ మార్చలేరు, ఫైల్ తెరవలేరు. రాయడానికి వీలే లేకుండా భాషను రూపొందించారు. ప్రతి సమాసమూ తప్పనిసరిగా ముగుస్తుంది. క్లస్టర్ మీద, అంటే సర్వర్ల గుంపు మీద, అప్లికేషన్లను నడిపే కుబర్నెటీస్‌లో, బయటినుంచి వచ్చిన వనరు వర్ణన నియమాలకు లోబడి ఉందో లేదో చూడడానికి సెల్‌ను వాడుతున్నారు. అక్కడ ఈ గుణం ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఎవరో రాసిన నియమం క్లస్టర్ మొత్తానికి కేంద్రమైన సర్వర్‌లో నడుస్తుంది, అది ఆగకపోతే అన్నీ ఆగుతాయి. మూడో సంస్థకు సెల్ వంటి భాష చాలు. స్క్రిప్ట్ అక్కరలేదు. ఈ మెట్టును దాటేసి పోయిన అప్లికేషన్లు ఎన్నో ఉన్నాయి, అందుకే దీన్ని నొక్కి చెబుతున్నాను.

స్క్రిప్ట్ ఎప్పుడు కావాలి? వాడుకునేవారికి మనం ఊహించని పనులు ఉన్నప్పుడు. 1985లో వచ్చిన గ్నూ ఈమాక్స్ ఎడిటర్‌లో సీ భాషలో రాసిన కేంద్ర భాగం ఉంటుంది, దాని మీద మిగిలినదంతా చాలావరకు లిస్ప్ అనే భాషలో ఉంటుంది. ఎడిటర్‌ను రాసినవారు వాడిన భాషే దాన్ని వాడేవారి చేతిలోనూ ఉంటుంది. ఆటోక్యాడ్‌లో 1986 నాటికి ఆటోలిస్ప్ వచ్చింది. దాంతో డ్రాయింగులు గీసే ఇంజనీర్లు, ప్రోగ్రామర్లు కానివారు కూడా, తమ రంగానికి కావలసిన ఆదేశాలు తామే రాసుకోగలిగారు. పైపులు గీసేవారికి ఏ ఆదేశం కావాలో ఆటోక్యాడ్ రాసినవారికి ఎలా తెలుస్తుంది? తెలియనవసరం లేకుండా చేయడమే స్క్రిప్టింగ్ గొప్పదనం.

మరొక అప్లికేషన్ లోపల ఇమిడిపోవడానికే పుట్టిన భాష లువా. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు, అక్కడి చమురు సంస్థ పెట్రోబ్రాస్ ప్రాజెక్టుల అవసరాల నుంచి దీన్ని తయారుచేశారు. ఈరోజు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట తెరల్లో, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో, నెట్‌వర్క్ సందేశాలను పరిశీలించే వైర్‌షార్క్‌లో, డేటాను మెమరీలో ఉంచే రెడిస్‌లో లువా ఉంది. ఎందుకు ఇంతమంది దాన్నే ఎంచుకున్నారు? చిన్నది కావడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, అందులో ఆతిథ్య అప్లికేషన్ చేతిలో పగ్గాలు ఉండడం. మనం ఒక లువా స్టేట్‌ను, అంటే స్క్రిప్ట్ నడిచే విడి ఆవరణను, సృష్టిస్తాం, అందులోకి మనకు నచ్చిన ఫంక్షన్లను మాత్రమే నమోదు చేస్తాం. ఫైళ్లకు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు సంబంధించిన లైబ్రరీలను తెరవకపోతే స్క్రిప్ట్‌కు అవి లేనట్టే. మెమరీ ఇచ్చే ఫంక్షన్ కూడా మనదే కాబట్టి, హద్దు దాటితే ఇవ్వను అనవచ్చు. ఇన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాక ఒకసారి నాకు చెప్పు అని హుక్ పెట్టి, ఆగని లూప్‌ను ఆపవచ్చు.

ఆగని లూప్ అన్నాను కదా, దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. రెడిస్‌లో 2.6 వెర్షన్ నుంచి లువా స్క్రిప్టులు సర్వర్ లోపలే నడుస్తాయి. స్క్రిప్ట్ నడుస్తున్నంతసేపూ మరో ఆదేశం నడవదు, అందుకే స్క్రిప్ట్‌లోని పనులన్నీ మధ్యలో ఎవరూ దూరకుండా ఒక్కటిగా జరుగుతాయి. అది మనకు కావలసిన గుణమే. కానీ స్క్రిప్ట్ ఆగకపోతే? డిఫాల్ట్‌గా ఐదు సెకన్లు దాటాక రెడిస్ మిగతా క్లయింట్లకు ‘తీరిక లేదు’ అని జవాబివ్వడం మొదలుపెడుతుంది. గమనించండి, స్క్రిప్ట్‌ను అది తనంతట తాను చంపదు. చంపమని మనం ఆదేశించవచ్చు, అయితే ఆ స్క్రిప్ట్ అప్పటికి ఏమీ రాయకపోతేనే అది చెల్లుతుంది. ఒక్క విలువ రాసి ఉన్నా, సగంలో ఆపితే డేటా సగం మారిన స్థితిలో మిగులుతుంది కాబట్టి రెడిస్ ఒప్పుకోదు. అప్పుడు సేవ్ చేయకుండా సర్వర్‌నే ఆపేయడం తప్ప దారి లేదు. ఒక సాంకేతికతను ఎంచుకునేటప్పుడు అది ఏమి చేయగలదని అందరం అడుగుతాం. మధ్యలో ఆపవలసి వస్తే ఏమవుతుందని ఎంతమంది అడుగుతాం?

స్క్రిప్టింగ్‌కు ఇంకో సమస్య ఉంది. రాసినవారు ఒకరు, నడిపేవారు మరొకరు కావడం. 1993లో ఎక్సెల్‌తో వచ్చిన విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ కోట్ల మందికి తమ పనిని తామే యంత్రానికి అప్పగించే శక్తినిచ్చింది. అందులో రాసే స్క్రిప్టులైన మాక్రోలు పత్రంతో పాటే ప్రయాణిస్తాయి, తెరిచిన మనిషికున్న అధికారాలన్నిటితోనూ నడుస్తాయి. 1999 మార్చిలో మెలిస్సా అనే మాక్రో వైరస్ ఈమెయిళ్ల ద్వారా ప్రపంచమంతా పాకింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను డిఫాల్ట్‌గా అడ్డుకోవడం మైక్రోసాఫ్ట్ 2022లో మొదలుపెట్టింది. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో చూడండి. ఇచ్చిన స్వేచ్ఛను వెనక్కి తీసుకోవడం అంత కష్టం, ఎందుకంటే ఆ మాక్రోల మీద నిజమైన కార్యాలయాల నిజమైన పనులు ఆధారపడి ఉన్నాయి.

ఎవరి మెమరీలో నడుస్తోంది?

ఇక ప్లగిన్లు, అంటే అప్లికేషన్‌కు బయటినుంచి తగిలించే కోడ్ ముక్కలు. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ 2004 నుంచి ప్లగిన్లను అనుమతిస్తోంది. దాని పద్ధతి ఎంతో సరళం. కోడ్ నడిచే దారిలో అక్కడక్కడ హుక్‌లు ఉంటాయి. యాక్షన్ అంటే, ఇది జరిగింది, నువ్వు చేయవలసింది ఏదైనా ఉంటే చెయ్యి అని. ఫిల్టర్ అంటే, ఇదిగో విలువ, మార్చి తిరిగి ఇవ్వు అని. పేజీలోని వ్యాసం తెరమీదికి వెళ్లేముందు ఒక ఫిల్టర్ గుండా పోతుంది, ఎన్ని ప్లగిన్లున్నా ప్రాధాన్య సంఖ్య ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి దాన్ని మారుస్తాయి. సంఖ్య ఇవ్వకపోతే 10. ఈ సరళత వల్లే అన్ని వేల ప్లగిన్లు పుట్టాయి. కానీ ప్రతి ప్లగినూ అదే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న అదే ప్రోగ్రామ్‌లో, అదే మెమరీలో, అదే అధికారంతో నడుస్తుంది. ఒక ప్లగిన్‌లో పెద్ద తప్పు జరిగితే పేజీ మొత్తం పడిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనూ ఇదే బేరం. కొత్త డేటా రకాలు, కొత్త ఆపరేటర్లు, కొత్త ఇండెక్స్ పద్ధతులు, అన్నీ బయటినుంచి చేర్చవచ్చు. పోస్ట్‌జీఐఎస్ అనే ఎక్స్‌టెన్షన్ చేర్చితే అదే డేటాబేస్ భూపటాల లెక్కలు చేస్తుంది. సీ భాషలో రాసిన ఆ ఎక్స్‌టెన్షన్ సర్వర్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది కాబట్టి వేగానికి లోటుండదు. అయితే అందులో మెమరీ తప్పు జరిగి ఒక ప్రాసెస్ కూలితే, పంచుకున్న మెమరీ పాడై ఉండవచ్చని పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నిటినీ తెంచి, రికవరీ మొదలుపెడుతుంది. నమ్మకమైనవారు రాసిన ఎక్స్‌టెన్షన్‌కు ఈ బేరం సబబే. ఎవరో తెలియనివారు రాసినదానికి కాదు.

దీనికి భిన్నంగా విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్ తన ఎక్స్‌టెన్షన్లను వేరే ప్రాసెస్‌లో నడుపుతుంది. తెరను నేరుగా తాకే వీలు వాటికి ఇవ్వలేదు. ఎక్స్‌టెన్షన్ మొండికేసినా మీరు టైప్ చేసే అక్షరాలు తెరమీద పడుతూనే ఉంటాయి. 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఈ దారిలోనే ఇంకో అడుగు వేసింది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే ఒకప్పుడు రెండు వందల జతలకు విడివిడిగా ప్లగిన్లు రాయాలి. ప్రోటోకాల్ ఒకటి ఉంటే ముప్పై చాలు. ఎడిటర్‌కూ భాషా సర్వర్‌కూ, అంటే ఆ భాషలోని కోడ్‌ను అర్థం చేసుకునే ప్రోగ్రామ్‌కూ, మధ్య జేసన్ సందేశాలు నడుస్తాయి, ఎవరు ఏ భాషలో రాసుకున్నా ఫరవాలేదు. దీనికి చెల్లించే మూల్యం సందేశాల ఖర్చు. ఫొటోలోని ప్రతి పిక్సెల్‌నూ ప్రాసెస్‌ల మధ్య కాపీ చేస్తూ పోతే పని నడవదు. కాబట్టి వేరే ప్రాసెస్ అన్నిటికీ మందు కాదు.

వేగం కావాలి, రక్షణ కూడా కావాలి అంటే? ఈ ప్రశ్నకు ఇటీవల దొరికిన రెండు జవాబులు నాకు ఎంతో ఆశాజనకంగా కనిపిస్తాయి. ఒకటి లైనక్స్ కెర్నెల్‌లోకి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోకి, 2014లో వచ్చిన ఈబీపీఎఫ్. కెర్నెల్ లోపల మన చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది. లోపలికి తీసుకునేముందే వెరిఫైయర్ దాని ప్రతి దారినీ పరిశీలించి, మెమరీ హద్దులు దాటదని, ముగిసి తీరుతుందని రుజువైతేనే ఒప్పుకుంటుంది. రెండోది వెబ్‌అసెంబ్లీ, అంటే ఎన్నో భాషల కోడ్‌ను మార్చి నడపగల ఒక ఉమ్మడి రూపం. 2017 నాటికి నాలుగు ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది, 2019 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ సిఫారసు అయింది. బ్రౌజర్ కోసం పుట్టినా, అప్లికేషన్లను మలచుకోవడానికి ఇంత చక్కగా అమరిన సాధనం మరొకటి లేదని నా నమ్మకం. మాడ్యూల్‌కు, అంటే ఆ రూపంలోని ప్రోగ్రామ్‌కు, తనదంటూ ఒక వరుస మెమరీ ఉంటుంది, దాన్ని 64 కిలోబైట్ల పేజీలుగా ఇస్తాం. దాని బయట ఒక్క బైట్‌ను కూడా అది చూడలేదు. మనం ఇంపోర్టుగా ఇచ్చిన ఫంక్షన్లు తప్ప బయటి ప్రపంచంతో దానికి సంబంధమే లేదు. వాస్మ్‌టైమ్ వంటి రన్‌టైమ్‌లలో నడిచే పనికి తగినంత ‘ఇంధనం’ కొలిచి పోస్తాం, అయిపోతే ఆగిపోతుంది. రస్ట్‌లో రాయండి, సీలో రాయండి, గోలో రాయండి, అన్నీ ఆ రూపంలోకి వస్తాయి. సర్వర్ల మధ్య రాకపోకలు నడిపే ఎన్వాయ్ ప్రాక్సీలో ఫిల్టర్లు ఇలా రాయవచ్చు. ఆన్‌లైన్ దుకాణాలకు వేదిక అయిన షాపిఫై తన సర్వర్ల మీద వ్యాపారుల నియమాలను ఇలాగే నడుపుతోంది.

లోటు లేదా? ఉంది. మూల రూపంలో ఆ సరిహద్దు దాటి ప్రధానంగా సంఖ్యలే వెళతాయి. ఒక వాక్యాన్ని పంపాలంటే మాడ్యూల్ మెమరీలోకి కాపీ చేసి, ఎక్కడ ఉందో, ఎంత పొడవో చెప్పాలి. ఈ చాకిరీని తగ్గించడానికి కాంపొనెంట్ మోడల్ వచ్చింది, దాని మీద కట్టిన వాసీ, అంటే మాడ్యూళ్లు బయటి ప్రపంచంతో మాట్లాడే ప్రమాణం, 0.2 వెర్షన్ 2024 జనవరిలో వెలువడింది. సాధనాలు ఇంకా కుదురుకుంటున్నాయి, అది మనసులో పెట్టుకొనే మొదలుపెట్టండి.

వెబ్‌హుక్‌ల గురించి క్లుప్తంగా చెబుతాను. మలచుకునే కోడ్ మన దగ్గర కాకుండా వారి సర్వర్ మీదే ఉంటుంది, ఏదైనా జరిగినప్పుడు మనం కబురు పంపుతాం. పంపిన కబురు అందకపోవచ్చు కాబట్టి మళ్లీ పంపుతాం, అందువల్ల ఒకే కబురు రెండుసార్లు చేరవచ్చు, అందువల్ల ప్రతిదానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. మన నుంచే వచ్చిందని తేలడానికి హెచ్‌మ్యాక్ సంతకం, అంటే ఇద్దరికే తెలిసిన రహస్య కీతో లెక్కించిన గుర్తు, ఉండాలి. ఈ రెండూ లేని వెబ్‌హుక్‌ను బయటికి వదలకండి.

ఇచ్చిన మాట

ఇప్పటిదాకా చెప్పిన ప్రతి సాంకేతికతకూ ఒక సరిహద్దు ఉంది. ఇటు మన కోడ్, అటు వారి కోడ్. ఆ సరిహద్దు మీద మనం రాసి ఇచ్చిన ఒప్పందం ఒకటి, వారు నిజంగా ఆధారపడేది ఇంకొకటి. గూగుల్‌లో పనిచేసిన ఇంజనీరు హైరం రైట్ పేరుమీద ప్రసిద్ధమైన సూత్రం ఈ సంగతే చెబుతుంది. వాడేవారు తగినంతమంది ఉంటే, మీ ఒప్పందంలో ఏముందన్నదానితో పని లేదు, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడతారు. దోష సందేశంలోని మాటల మీద, జాబితా వచ్చే వరస మీద, జవాబుకు పట్టే సమయం మీద కూడా. గో భాష రూపకర్తలు దీనికి ఒక చక్కని ఉపాయం చేశారు. మ్యాప్‌లోని, అంటే పేరు-విలువల జతలు దాచే సముదాయంలోని, అంశాలు ఏ వరసలో వస్తాయన్న హామీ వారు ఇవ్వలేదు. హామీ లేదని రాస్తే ఎవరు చదువుతారు? అందుకే ప్రతిసారీ కావాలనే వరసను యాదృచ్ఛికంగా మార్చారు. ఆధారపడదామన్నా వీలు లేకుండా పోయింది. మీ ప్లగిన్ ఇంటర్‌ఫేస్‌లో హామీ ఇవ్వని విషయాలు ఏవో చూసుకొని, వాటిలో వీలైనవాటిని ఇలాగే కదిలించి ఉంచండి.

ఒప్పందాన్నే మార్చక తప్పని రోజు కూడా వస్తుంది. ఫైర్‌ఫాక్స్ పాత ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్ లోపలి భాగాలను నేరుగా తాకగలిగేవి. దేన్నయినా మార్చగలిగేవి, అందుకే వాటిని అంత ఇష్టపడ్డారు. కానీ లోపలి ప్రతి భాగమూ ఎవరో ఒకరికి ఒప్పందంగా మారిపోవడంతో బ్రౌజర్‌ను అనేక ప్రాసెస్‌లుగా విడగొట్టడం కష్టమైంది. 2015లో మార్పును ప్రకటించారు, 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో పాత పద్ధతిని పూర్తిగా ఆపి, వెబ్ ఎక్స్‌టెన్షన్స్ అనే ఇరుకైన, స్పష్టమైన ఇంటర్‌ఫేస్‌ను మాత్రమే మిగిల్చారు. ఎన్నో మంచి ఎక్స్‌టెన్షన్లు ఆగిపోయాయి, వాటిని రాసినవారు, వాడినవారు బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనది. అయినా ఆ నిర్ణయం సరైనదే అని నేను అనుకుంటాను. మొదటే ఇరుకుగా తెరిచి, అడిగినకొద్దీ వెడల్పు చేసి ఉంటే అంతమంది శ్రమ వృథా అయ్యేది కాదు.

కాబట్టి మీ ఇంటర్‌ఫేస్‌లో ఒక ఫంక్షన్‌ను తీసేయాలనుకుంటే, ముందు దాన్ని ఎవరు పిలుస్తున్నారో లెక్క పెట్టే ఏర్పాటు చేయండి. లెక్క లేకుండా ఎవరూ వాడడం లేదులే అనుకోవద్దు. తర్వాత దాని బదులు ఏం వాడాలో హెచ్చరికలోనే రాయండి, హెచ్చరిక డాక్యుమెంటేషన్‌లో కాదు, ప్లగిన్ రాసేవారి లాగ్‌లో కనిపించాలి. ఎక్కువమంది వాడే ప్లగిన్లను తెచ్చి మీ సొంత టెస్టులతో పాటే ప్రతి బిల్డ్‌లోనూ నడపండి, అప్పుడు మీ మార్పు ఎవరి పనిని చెడగొడుతుందో వారికంటే ముందు మీకే తెలుస్తుంది. పిలుపుల లెక్క సున్నాకు వచ్చాకే ఆ ఫంక్షన్‌ను తొలగించండి. సున్నాకు రాకుండా మిగిలిపోయిన కొద్దిమందికి మీరే స్వయంగా రాసి అడగండి. వారు చెప్పే కారణంలో, మీ కొత్త ఇంటర్‌ఫేస్‌లో ఏం లేదో తరచుగా దొరుకుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.